వీధి గదిలో అన్‌లిమిటెడ్, వంటింట్లో రెండు జీబీ

మా మేనత్తది పర్లాకిమిడిలో పాతకాలపు మండువా ఇల్లు. వీధి వైపు ఒక గది, లోపల మండువా, అది దాటితే వంటిల్లు, ఆ వెనక నుయ్యీ పెరడూ. గోడలు మూరెడు మందం. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా వంటింట్లో చల్లగా ఉంటుంది. ఈ గోడలతో మనకు తర్వాత పని పడుతుంది.

కిందటి వేసవిలో అత్త పాతపట్నం వెళ్ళి కొత్త ఫోన్ కొనుక్కుంది. పర్లాకిమిడిలో దుకాణాలు లేక కాదు. ఇది ఒడిశా, అది ఆంధ్రా అనే గానీ రెండు ఊళ్ళూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. పైగా ఆ షాపు కుర్రాడు తెలిసినవాళ్ళ అబ్బాయి. ఫోన్ పెట్టెతో పాటు ఒక రంగుల కాగితం చేతిలో పెట్టాడు. "ఈ ఫోన్ కొన్నవారికి ఏడాది పాటు అన్‌లిమిటెడ్ 5జీ డేటా" అని పెద్దక్షరాలు. పక్కన చీమ తలకాయంత చుక్క గుర్తు.

నాలుగో రోజు పొద్దున్న తొమ్మిదింటికి నాకు ఫోన్.

"ఒరే, అన్‌లిమిటెడ్ అన్నారు కదరా. రోజు కోటా రెండు జీబీ అయిపోయింది, ఇంక స్పీడు తగ్గిపోద్దని మెసేజ్ వచ్చింది. మోసం చేసేసారేటి?"

చుట్టాల్లో ఎవరి ఫోన్ మొరాయించినా చివరికి నా దగ్గరికే వస్తుంది. అందుకని ఇలాంటి కాగితాలు చాలానే చదివాను. వాటిలో పచ్చి అబద్ధం చాలా అరుదు. అన్‌లిమిటెడ్ అన్నమాట నిజమే, కాకపోతే అది ఏ గడప దగ్గర మొదలై ఏ గడప దగ్గర ఆగిపోతుందో కాగితం మీద కనబడదు. అత్త విషయంలో ఆ గడప అక్షరాలా గడపే అయింది.

ఫోన్‌నీ కనెక్షన్‌నీ ముడిపెట్టి అమ్మడం మనకు కొత్తేమీ కాదు. 2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ "మాన్‌సూన్ హంగామా" అని 501 రూపాయలకు ఫోన్ చేతిలో పెట్టింది. అవి సీడీఎంఏ ఫోన్లు, తీసి ఇంకోదాంట్లో వేసుకోవడానికి సిమ్ ఉండేది కాదు. కనెక్షన్ వద్దనుకుంటే ఆ ఫోన్ పిల్లలు ఆడుకోవడానికే.

డేటా ముడి గట్టిగా పడింది మాత్రం 2016లో. జియో అందరికీ తెరవకముందు, రిలయన్స్ సొంత బ్రాండు లైఫ్ ఫోన్ కొన్నవాళ్ళకు 90 రోజుల పాటు అన్‌లిమిటెడ్ 4జీ అని ప్రివ్యూ ఆఫర్ నడిపింది. ఆ తర్వాత శాంసంగ్, ఎల్‌జీ లాంటి ఇతర కంపెనీల ఫోన్లనూ జాబితాలో చేర్చారు. ఫోన్‌లో మైజియో యాప్ తెరిస్తే ఒక కోడ్ వచ్చేది, అది చూపిస్తే సిమ్ ఇచ్చేవారు. జాబితాలో లేని ఫోన్‌కి కోడ్ రాదు. ఆ రోజుల్లో కోడ్ కోసం స్నేహితుల ఫోన్లు అరువు తెచ్చుకున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. 2016 సెప్టెంబర్ 5న అందరికీ తలుపులు తీశాక ఆ ముడి ఊడిపోయింది. కానీ ఆ ఉచిత అన్‌లిమిటెడ్‌కి కూడా ఒక కొలత ఉంది. రోజుకు 4 జీబీ దాటితే వేగం 128 కేబీపీఎస్‌కి పడిపోయేది. 2017 జనవరి నుంచి ఆ నాలుగు కాస్తా ఒకటయింది. పేరు మాత్రం అన్‌లిమిటెడే.

ఆ 2017లోనే ఆట మారింది. జియో తెచ్చిన మీటల ఫోన్ జియోఫోన్‌కి 1,500 రూపాయలు డిపాజిట్, మూడేళ్ళ తర్వాత ఫోన్ తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కి. నెలకు 153 రూపాయల ప్లాన్‌లో అన్‌లిమిటెడ్ అని ఉండేది, అసలు వేగంతో వచ్చేది రోజుకు 500 ఎంబీ. ఏడాదికి కనీసం 1,500 రూపాయల రీఛార్జ్ చెయ్యాలన్నది చిన్నక్షరాల్లో ఉంది. అదే ఏడాది అక్టోబర్‌లో ఎయిర్‌టెల్, కార్బన్ కంపెనీ ఫోన్‌ని 2,899కి తెచ్చి, 1,500 వెనక్కి ఇస్తాం కాబట్టి ఫోన్ పడేది 1,399కే అంది. ఆ 1,500 ఒక్కసారిగా రాదు. 36 నెలలు వరసగా 169 రీఛార్జ్ చెయ్యాలి, లేదంటే మొదటి 18 నెలల్లో 3,000, తర్వాతి 18 నెలల్లో మరో 3,000 కట్టాలి. అప్పుడు సగం దారిలో 500, చివర్లో 1,000. మధ్యలో రెండు నెలలు చేతిలో డబ్బాడలేదంటే లెక్క తిరగబడుతుంది. వలస పనులకు సూరత్ వెళ్ళొచ్చే మా గంజాం, గజపతి జిల్లాల కుర్రాళ్ళకు నెల నెలా ఒకే తేదీకి ఒకే మొత్తం కట్టడం ఎంత కష్టమో ఆ షరతు రాసినవాడికి తెలిసి ఉండదు. తెలిసే రాశాడని అనుమానించేవాళ్ళనూ నేను తప్పుపట్టను.

ఇంతకీ మన చేతిలో ఏ ఫోన్ ఉందో కంపెనీకి ఎలా తెలుస్తుంది? ఫోన్‌లో *#06# కొట్టి చూడండి, 15 అంకెల సంఖ్య వస్తుంది. అదే ఐఎంఈఐ. రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు వస్తాయి. మొదటి 8 అంకెలు ఏ కంపెనీ ఏ మోడలో చెబుతాయి, తర్వాతి 6 ఆ ఒక్క ఫోన్‌కి పెట్టిన వరస సంఖ్య, చివరిది మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూసుకునే అంకె. ఫోన్ నెట్‌వర్క్‌లో చేరేటప్పుడు సిమ్ వివరాలతో పాటు ఇదీ కంపెనీకి అందుతుంది. అంటే ముడి వెయ్యడానికి కంపెనీ చేతిలో కనీసం మూడు తాళ్ళున్నాయి. ఫోన్‌కే తాళం వేసి ఇంకో కంపెనీ సిమ్ పని చెయ్యకుండా చెయ్యొచ్చు, జియోభారత్ ఫోన్లు ఇలాంటివే. ఫోన్‌ని వదిలేసి ప్లాన్‌కి తాళం వెయ్యొచ్చు, జియోఫోన్‌కని పెట్టిన చవక రీఛార్జ్‌లు మామూలు స్మార్ట్‌ఫోన్‌లో నడవవు. మూడోది ఎవరికీ కనబడని తాడు. జాబితా ఏమీ ఉండదు, ఫలానా పని ఫోన్‌కి చేతనైతేనే లాభం అందుతుంది. అన్‌లిమిటెడ్ 5జీ ఈ మూడో రకం.

రెండో తాడు ఎంత సన్నగా కోస్తుందో మా బావకు తెలుసు. ఒక కంపెనీ ఆఫర్‌లో కొన్న ఫోన్ వానలో తడిసి చచ్చిపోతే బరంపురం పట్టుకెళ్ళి మదర్‌బోర్డ్ మార్పించాడు. పైకి అదే ఫోన్, గీతలు పడ్డ అదే మూత. కానీ ఐఎంఈఐ ఉండేది బోర్డులో. బోర్డు మారింది కాబట్టి కంపెనీ కంటికి అది వేరే ఫోన్. ఆఫర్ ఆగిపోయింది. కస్టమర్ కేర్‌కి ఒడియాలో, తెలుగులో, హిందీలో మూడు రకాలుగా చెప్పి చూశాడు. మూడు భాషల్లోనూ జవాబు ఒకటే. పాత నంబరు కొత్త బోర్డులోకి ఎక్కించేస్తానని ఒక మెకానిక్ ముందుకొచ్చాడట. దయచేసి ఆ పని మాత్రం చేయించకండి. ఐఎంఈఐ మార్చడం 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం నేరం, మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. రోజుకో జీబీ కోసం అంత సాహసం అక్కర్లేదు.

ఇక అత్త ఫోన్ దగ్గరికి వద్దాం.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. రోజు కోటా అర్ధరాత్రి పన్నెండుకు మళ్ళీ మొదలవుతుంది కాబట్టి చేతిలో రెండు జీబీ నిండుగా ఉంది. వీధి గదిలో కిటికీ పక్కన కూర్చుని కంపెనీ యాప్‌లో మిగిలిన డేటా చూశాను, ఒక కాగితం మీద రాసుకున్నాను. పది నిమిషాలు హెచ్‌డీలో ఒక హరికథ పెట్టి మళ్ళీ చూశాను. కోటా కదల్లేదు. అక్కడ అది నిజంగానే అన్‌లిమిటెడ్. ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి అదే హరికథ ఇంకో పది నిమిషాలు. పైన 4జీ గుర్తు. కోటాలోంచి రెండు వందల ఎంబీ పైనే పోయింది. మండువాలో వచ్చిన ఫలితం ఇంకా చిత్రం. తెర మీద 5జీ అనే ఉంది, కోటా మాత్రం కొంచెం కొంచెంగా కరుగుతోంది.

అత్త తెల్లవారుజామున అయిదుకి లేచి, పొయ్యి వెలిగించి, ఫోన్‌ని ఉప్పు జాడీకి ఆనించి భక్తి పాటల వీడియోలు పెడుతుంది. తొమ్మిదింటి దాకా అవి ఆగవు. హెచ్‌డీ వీడియో గంటకు ఒకటిన్నర జీబీ దాకా లాగేస్తుంది. రెండు జీబీ ఆమాత్రం ఆగడమే గొప్ప.

కారణం ఆ మూరెడు గోడలు. 5జీకి మన దేశంలో ఎక్కువగా వాడేది 3300 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలు. వాటి అల పొడవు తొమ్మిది సెంటీమీటర్లు, అంటే బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ. అవి బోలెడు డేటా మోస్తాయి గానీ గోడ అడ్డొస్తే నీరసించిపోతాయి. 700 మెగాహెర్ట్జ్ అల పొడవు 43 సెంటీమీటర్లు, దాదాపు మూరెడు. దూరం పోతుంది, గోడలు దాటి లోపలికి వస్తుంది, కానీ మోసే బరువు తక్కువ. 2022 ఆగస్ట్ ఒకటిన ముగిసిన వేలంలో ఈ 700ని దేశమంతటికీ కొన్నది జియో ఒక్కటే. ఎయిర్‌టెల్ వేరే దారి పట్టింది. పాత 4జీని ఊతకర్రగా పెట్టుకుని దాని మీద 5జీ నడిపింది. జియోది 4జీ ఊతం అక్కర్లేని, సొంత కాళ్ళ మీద నిలబడే 5జీ. రెండింటికీ ఫోన్‌లో కావలసిన గుణాలు వేరు. 5జీ అని పెట్టె మీద ఉన్నంత మాత్రాన ఫోన్ రెండింటికీ పనికొస్తుందని కాదు. మొదట్లో వచ్చిన 5జీ ఫోన్లలో చాలావాటికి హార్డ్‌వేర్ ఉండి కూడా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చేదాకా మన దగ్గర 5జీ రాలేదు. ఐఫోన్లకు ఆ అప్‌డేట్ వచ్చింది 2022 డిసెంబర్‌లో. వేలు పోసి కొన్నవాళ్ళు కూడా అప్పటిదాకా 4జీతోనే గడిపారు. కొనేముందు షాపులో ఎన్78, ఎన్28 బ్యాండ్లు రెండూ ఉన్నాయా అని అడగండి. మొదటిది 3300కి, రెండోది 700కి. మందం గోడల ఇళ్ళలో ఉండే జియోవాళ్ళకు రెండోదే ముఖ్యం.

మండువాలో చిక్కు సంగతి. 4జీ ఊతంగా నడిచే పద్ధతిలో, ఆ టవర్ దగ్గర 5జీ దొరకొచ్చని తెలిస్తే చాలు, చాలా ఫోన్లు 5జీ గుర్తు చూపించేస్తాయి. గుర్తు కనబడటం వేరు, డేటా ఆ దారినే రావడం వేరు. స్టేషన్ బయట రైలు బొమ్మ ఉందని రైలు వచ్చినట్టు కాదు కదా. కోటా లెక్క కంపెనీ కంప్యూటర్‌లో జరుగుతుంది. డేటా ఏ దారిన వచ్చిందో చూసి అది రాసుకుంటుంది, మన తెర మీద ఏ అంకె వెలుగుతోందో దానికి పట్టదు.

అసలు 5జీలో లెక్క ఎందుకు చూడరు, 4జీలో ఎందుకు చూస్తారు? దయ కాదు. కొత్తగా వేసిన బస్సు ఖాళీగా తిరుగుతోంది, పాత బస్సులో జనం ఫుట్‌బోర్డ్ మీద వేలాడుతున్నారు. ఖాళీ బస్సులో ఎంతసేపు కూర్చున్నా టికెట్ అడగం అంటే పాత బస్సు తేలికవుతుంది, జనం కొత్త ఫోన్లూ కొంటారు. బస్సు నిండేకొద్దీ షరతులు వస్తాయి. వచ్చాయి కూడా. 2022 అక్టోబర్‌లో 5జీ మొదలైనప్పుడు చిన్న రీఛార్జ్‌లకూ అన్‌లిమిటెడ్ దొరికేది. 2024 జూలైలో ధరలు పెంచినప్పుడు జియో, ఎయిర్‌టెల్ రెండూ రోజుకు 2 జీబీ, ఆ పైన ఇచ్చే ప్లాన్లకే దాన్ని పరిమితం చేశాయి. ఆ పెంపు తర్వాత జియోలో 28 రోజులకు రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాన్ 299, రెండు జీబీది 349 అయ్యాయి. అన్‌లిమిటెడ్ అన్న మాట విలువ ఆ యాభై రూపాయలు అనుకోవచ్చు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. అత్త కాగితంలో చుక్క గుర్తు వెనక ఉన్న షరతు చదివితే, ఏడాది పొడుగునా రోజుకు 2 జీబీ ప్లాన్ వేయించుకుంటూ ఉండాలని ఉంది. ఆ ప్లాన్ వేయించుకుంటే ఏ 5జీ ఫోన్‌లోనైనా అదే అన్‌లిమిటెడ్ వస్తుంది. మరి ఆ ఫోన్ కొన్నందుకు ప్రత్యేకంగా ఇచ్చిందేమిటి? రెండుసార్లు చదివాను, ఏమీ లేదు. పైగా "ఏడాది" అంటే 28 రోజుల రీఛార్జ్‌లు పదమూడు. ఒక్కోటి 350 చుట్టూ వేసుకున్నా 4,500 పైమాట. నెలకొక రీఛార్జ్ అనుకుని పన్నెండింటికి లెక్క కట్టుకున్నవాళ్ళకు పదమూడోది ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు. 30 రోజుల ప్లాన్ కనీసం ఒక్కటైనా ఉంచాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశం ఇచ్చింది. అవి ఉన్నాయి, షాపుల్లో వాటి గురించి చెప్పేవాళ్ళే తక్కువ.

సరిహద్దులో ఉన్నవాళ్ళకు దీనికి తోడు ఇంకో పేచీ. టెలికాం లెక్కలో దేశం 22 సర్కిళ్ళు. రాష్ట్రం విడిపోయినా ఆంధ్రా, తెలంగాణ కలిసి ఇప్పటికీ ఒకే సర్కిల్. ఒడిశా వేరు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది, కానీ మా ఇళ్ళలో చాలామంది నంబర్లు ఆంధ్రా సర్కిల్‌వి, పెళ్ళిళ్ళూ పేరంటాలూ అటే కాబట్టి. ఫోన్‌కి ఇవేవీ తెలీవు. బలంగా ఉన్న టవర్‌ని పట్టుకుంటుంది. ఒకే ఇంట్లో వీధి వైపు ఒక రాష్ట్రం, పెరడు వైపు ఇంకో రాష్ట్రం పట్టిన రోజులున్నాయి. అప్పట్లో అది జేబుకు చిల్లు. 2015 మే నుంచి ట్రాయ్ పరిమితులు తగ్గించాక కూడా రోమింగ్‌లో వచ్చిన కాల్ ఎత్తితే నిమిషానికి 45 పైసల దాకా పడేది. పెరట్లో ఉండగా ఫోన్ మోగితే మా మావయ్య వీధిలోకి పరుగెత్తేవాడు. ఇప్పుడు అన్‌లిమిటెడ్ కాల్స్ ప్లాన్లలో ఆ బెడద పోయింది.

పోనిది ధరల తేడా. ప్లాన్‌ని నిర్ణయించేది నంబరు ఏ సర్కిల్‌దన్నదే, మనిషి ఎక్కడుంటాడన్నది కాదు. 2022 నవంబర్‌లో ఎయిర్‌టెల్ తన 99 రూపాయల కనీస రీఛార్జ్ తీసేసి 155 చేసినప్పుడు మొదట అమలు చేసింది హర్యానా, ఒడిశా సర్కిళ్ళలో. ఆంధ్రా సర్కిల్‌కి అది 2023 జనవరిలో వచ్చింది. అంటే ఆ రెండు నెలలూ పర్లాకిమిడిలో ఒకే అరుగు మీద కూర్చున్న ఇద్దరు ఒకే కంపెనీకి వేర్వేరు ధరలు కట్టారు. 5జీ రాకా అంతే. జియో 2022 డిసెంబర్ చివర విశాఖ, విజయవాడ, గుంటూరు, తిరుమలలో, 2023 జనవరి మొదట్లో భువనేశ్వర్, కటక్‌లలో మొదలుపెట్టింది. రాజధానుల నుంచి అంచులకు వచ్చే జాబితాలో అంచున ఉన్న ఊరు ఏ రాష్ట్రం వైపు నుంచి చూసినా చివరే. గోదావరి అవతల సిరొంచాలో ఉండే మనవాళ్ళను అడగండి, మహారాష్ట్ర గురించి ఇవే మాటలు చెబుతారు. గుమ్మ, మోహన వైపు కొండ దారుల్లో 5జీ మాట అటుంచి, ఉన్న సిగ్నల్ గీతలు కూడా మలుపు మలుపుకీ మారతాయి. ఫోన్‌తో వచ్చిన అన్‌లిమిటెడ్ 5జీ అక్కడికి వెళ్తే రోజుకు రెండు జీబీల ఫోన్.

కోటా అయిపోయాక ఏమవుతుందన్నది అసలు కథ. చాలా ప్లాన్లలో "ఆ తర్వాత 64 కేబీపీఎస్ వేగంతో అన్‌లిమిటెడ్" అని ఉంటుంది. చాలామంది 64 అనగానే అది 64 కేబీ అనుకుంటారు. ఇందులో ఒక కొలత మెలిక ఉంది. వేగాన్ని బిట్లలో చెబుతారు, ఫైళ్ళను బైట్లలో కొలుస్తారు. ఎనిమిది బిట్లు ఒక బైటు. మా వైపు పెద్దవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది: ఎనిమిది తవ్వలు ఒక కుంచం. 64 తవ్వలు పోస్తాం అని ఊరించినా గాదెలో పడేది 8 కుంచాలే. అంటే సెకనుకు 8 కేబీ. అయిదు ఎంబీల పీడీఎఫ్, అదే పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తుకు జతచేసే కాగితం, పంపాలంటే పది నిమిషాలు దాటుతుంది. ఈలోగా వెబ్‌సైట్ "సెషన్ ముగిసింది" అని మొహం మీద తలుపేస్తుంది.

ఇంకొంచెం లెక్క వేస్తే నవ్వొస్తుంది. సెకనుకు 8 కేబీ చొప్పున గంటకు 28.8 ఎంబీ. రాత్రీ పగలూ ఒక్క క్షణం ఆపకుండా 24 గంటలు లాగినా 691 ఎంబీ దాటదు. అత్త వంటింట్లో అరగంటకు వాడేసే డేటా అది. గీత గియ్యకుండానే గీసినట్టు, అన్‌లిమిటెడ్‌కి అంకగణితమే హద్దు పెట్టేసింది. వాట్సాప్‌లో రాసిన మాటలు వెళ్తాయి, ఫొటో దగ్గర గుండ్రం తిరుగుతూ ఉంటుంది, యూపీఐ చెల్లింపు ఒక్కోసారి అవుతుంది, ఒక్కోసారి డబ్బు కట్ అయి అవతల చేరలేదని కిరాణా కొట్టు దగ్గర టెన్షన్.

మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస వేగం 2013లో 512 కేబీపీఎస్, 2023 జనవరి నుంచి 2 ఎంబీపీఎస్. 64 అందులో ముప్పయ్యో వంతు. ఇంటికి తీగ లాగి ఇచ్చే బ్రాడ్‌బ్యాండ్‌లో కోటా అయ్యాక కూడా 512 కన్నా కిందికి దించకూడదని ట్రాయ్ 2016లో చెప్పింది. అది ఇళ్ళ కనెక్షన్ల మాట. కొండల్లో తీగ రాని ఊళ్ళకు మొబైలే దిక్కు, ఆ రక్షణ వాళ్ళకు లేకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

నియమాల మాట వచ్చింది కాబట్టి ఒకటి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తెచ్చిన నిబంధన ప్రకారం, మనం నెట్‌లో ఏం చూస్తున్నామన్నదాన్ని బట్టి కంపెనీలు వేర్వేరు ధరలు పెట్టకూడదు. ఫలానా యాప్ ఉచితం, మిగతావి డబ్బుకు అన్న పద్ధతి దాంతో ఆగింది. కానీ ఆ నిబంధన చూసే దాని గురించి. దేంట్లో చూస్తున్నామన్నది అందులో రాలేదు. ఫోన్‌ని బట్టి ధర మారే ఆఫర్లు ఆ సందులోంచే వస్తాయి.

అమెరికావాళ్ళు ఈ గొడవ మనకన్నా ముందు పడ్డారు. 2007లో ఐఫోన్ వచ్చినప్పుడు అక్కడ ఏటీ అండ్ టీ ఒక్కదానితోనే పనిచేసేది, నెలకు 20 డాలర్లకు అన్‌లిమిటెడ్ డేటా. జనం ఊహకు మించి వాడేసరికి 2010 జూన్‌లో కొత్తవాళ్ళకు అది ఆపేశారు. పాతవాళ్ళకు మాట తప్పకుండా ఉంచారు. మాట ఉంది, వేగం లేదు. 2011 నుంచి, నెలలో కొంత దాటితే, కొందరికి 2 జీబీకే, వేగం కోసెయ్యడం మొదలైంది. అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ 2014 అక్టోబర్‌లో కోర్టుకెక్కింది. కనీసం 35 లక్షల మందికి ఇలా జరిగిందంది. వాళ్ళ వాదన సూటిగా ఉంది: వేగం తగ్గిస్తామన్న సంగతి సరిగ్గా చెప్పకుండా అన్‌లిమిటెడ్ అని అమ్మడం మోసం. 2019 నవంబర్‌లో 6 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. మన దగ్గర కాగితం మీద ఆ చుక్క గుర్తు ఉంటుంది కాబట్టి "చెప్పలేదు" అనడానికి వీల్లేదు. చీమ తలకాయంత చెప్పడం చెప్పడం కిందికి వస్తుందా అన్నది మాత్రం ఇంకా ఎవరో ఒకరు గట్టిగా అడగాల్సిన ప్రశ్న.

ఆ ఆదివారం పాతపట్నం వెళ్ళినప్పుడు షాపు కుర్రాడి ముందు కాగితం పెట్టాను. ఆ ప్లాన్ వేస్తే ఏ 5జీ ఫోన్‌కైనా వచ్చేదే కదా, మరి ఈ కాగితం దేనికి అని అడిగాను. సిగ్గుపడుతూ నవ్వాడు.

"కంపెనీవాళ్ళు కట్టలు కట్టి పంపుతారన్నా. పెట్టెతో పాటు ఇచ్చీమంటారు, ఇచ్చీసినాను. నాను చదవలేదు."

అత్తకు విషయమంతా చెప్పాను. అలలు, బ్యాండ్లు, సర్కిళ్ళు అన్నీ విని, ఆవిడ పట్టుకున్నది ఒక్కటే. "అయితే వీధి గదిలో చూస్తే లెక్కలేదు, వంటింట్లో చూస్తే లెక్కా?" అవునన్నాను. వీడియోలు 480కి తగ్గించి పెట్టుకుంటే వంటింట్లో కూడా కోటా మధ్యాహ్నం దాకా లాగొచ్చని చెప్పి, ఎలా మార్చాలో చూపించాను కూడా. తల ఊపింది.

మళ్ళీ వారం వెళ్ళేసరికి కత్తిపీట, కూరల బుట్ట వీధి గదిలో కిటికీ పక్కకి చేరాయి. ఉప్పు జాడీ కూడా. ఫోన్ దానికే ఆనుకుని పాడుతోంది, హెచ్‌డీలో.